స్ట్రాస్‌బోర్గ్‌లో పిల్లలతో మూడు రోజులు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఏడేళ్లుగా ఉంటున్నా, రైలెక్కితే గంటన్నర కూడా పట్టని ఫ్రాన్స్ ఊరు స్ట్రాస్‌బోర్గ్‌కు పిల్లలను తీసుకువెళ్లడం ఈ వేసవికి గానీ కుదరలేదు. అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి ఆరు. 1870కీ 1945కీ మధ్య ఫ్రాన్స్, జర్మనీల నడుమ నాలుగు సార్లు దేశం మారిన ఊరని నోటితో చెబితే వాళ్లకు తలకెక్కదని తెలుసు కనుక, వీలైనంత వరకు కళ్లకు చూపించాలనే అనుకుని బయలుదేరాను.

మొదటి సంగతి వీధి పేర్ల పలకల మీదే దొరికింది. పాత ఊళ్లో చాలా పలకలపై ఫ్రెంచి పేరు కింద అల్సేషియన్ పేరు కూడా ఉంటుంది. ఫ్రెంచి రాని మా అమ్మాయి కింది వరుసను కూడబలుక్కుని, "అమ్మా, ఇది జర్మనే, కానీ స్పెల్లింగు తప్పు రాశారు" అంది. తప్పు కాదనీ, జర్మన్‌కు దగ్గరి చుట్టమైన ఇక్కడి మాట అదేననీ చెప్పాను. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే కుప్పంలో పెరిగినదాన్ని. "అమ్మమ్మ వాళ్ల ఊళ్లో లాగా" అంటే దానికి వెంటనే అర్థమైంది.

1439లో పూర్తయిన కెథడ్రల్ శిఖరం ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలో దీనికన్నా ఎత్తైన కట్టడం లేదు. మావాడికి మాత్రం రెండో గోపురం ఎందుకు కట్టలేదన్నదే పట్టింపు. 332 మెట్లెక్కి పైనున్న వేదికను చేరితే, ఒకవైపు ఫ్రాన్స్‌లోని వోజ్ కొండలు, రైన్ నది అవతల జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండలు కనిపిస్తాయి; ఈ ఊరి కోసం రెండు దేశాలు ఎందుకు కొట్లాడుకున్నాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. లోపలి ఖగోళ గడియారంలో మధ్యాహ్నం పన్నెండున్నరకు అపొస్తలుల బొమ్మలు వరుసగా నడిచి వెళ్తాయి, పైన కోడిపుంజు రెక్కలు విదిల్చి కూస్తుంది. దీనికి టికెట్ వేరే. మేము ఆలస్యంగా వెళ్లి వెనక నిలబడ్డాం కాబట్టి అబ్బాయికి పెద్దవాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడలేదు, చివరికి భుజాల మీదికి ఎత్తుకోవలసి వచ్చింది. ముందే వెళ్లి ముందు వరుసలో నిలబడటం మంచిది.

పెతిత్ ఫ్రాన్స్ అనే పాత పేటలోని చెక్క చట్రాల ఇళ్లు అందంగానే ఉన్నాయి గానీ, పిల్లలు ఆ వీధుల్లో అరగంటకే విసిగిపోయారు. అదే ప్రాంతాన్ని పడవలోంచి చూసినప్పుడు మాత్రం, లాకు గేట్లు మూసి నీటిని పెంచి పడవను పైకి లేపడం చూస్తూ కదలకుండా కూర్చున్నారు. ఐరోపా పార్లమెంటును ఈసారికి బయటినుంచే చూశాం. దానికి దగ్గర్లో ఉన్న ఒరాంజెరీ పార్కులో కొంగల గూళ్లు చూడటమే మా వాళ్లకు ఎక్కువ నచ్చింది, పైగా ఉచితం.

ఈ ప్రయాణంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచింది రిపబ్లిక్ చౌక్‌లో 1936లో నెలకొల్పిన యుద్ధ స్మారకం గురించి. ఒక తల్లి, చనిపోతున్న ఇద్దరు కొడుకులను పట్టుకుని ఉంటుంది. ఒకడు జర్మనీ పక్షాన, మరొకడు ఫ్రాన్స్ పక్షాన పోరాడినవాడు. ఇద్దరికీ సైనిక దుస్తులు లేవు. కింద "మా మృతులకు" అని మాత్రమే రాసి ఉంది, ఏ దేశం కోసమో లేదు. "వీళ్లిద్దరిలో జర్మన్ వాడు ఎవడు?" అని అబ్బాయి రెండు చుట్లు తిరిగి వెతికాడు. అక్క "తెలియకూడదనే అలా చేశారేమోరా" అంది. నేను కల్పించుకోలేదు.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాను. స్టేషన్ దగ్గర తీసుకున్న అద్దె ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు; ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు, అడిగితే యజమాని జవాబే ఇవ్వలేదు. భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి: ఇక్కడి ప్రసిద్ధ ఫ్లామ్‌కూషె పలుచని రొట్టెపై మామూలుగా పందిమాంసం ముక్కలు వేస్తారు, అవి లేకుండా చేసిమ్మని ముందే అడగాలి. ఈసారి వస్తే రైన్ అవతలి జర్మనీ ఊరు కేల్‌లో దిగుతాను. 2017 నుంచి డి ట్రామ్ నది దాటి అక్కడికి వెళ్తోంది. జర్మనీ పోలీసులు తనిఖీ చేసే రోజులు ఉంటాయి కనుక పాస్‌పోర్టులూ నివాస కార్డులూ దగ్గర ఉంచుకోవాలి. చివరి సాయంత్రం మేము ట్రామెక్కకుండా 2004లో కట్టిన పాదచారుల వంతెన మీదుగా కేల్‌కు నడిచి వెళ్లాం. అబ్బాయి సరిహద్దు గేటు కోసం వంతెన పొడుగునా వెతుకుతూనే ఉన్నాడు, అవతలి ఒడ్డున ఐస్‌క్రీమ్ బండి కనిపించేదాకా.