ఎక్సెల్ టూల్‌పాక్ రిగ్రెషన్: ఆ రెసిడ్యువల్స్ టిక్ కోసమే ఇంకా దీన్ని వదల్లేదు

ఎక్సెల్‌తో పాటే వచ్చే స్టాటిస్టిక్స్ యాడ్-ఇన్ టూల్‌పాక్‌ని ఎలా ఆన్ చేసుకోవాలి, ఏ బాక్స్‌లో ఏ కాలమ్ ఇవ్వాలి అనేవి ఇక్కడ రాయట్లేదండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. చాలా ఏళ్లుగా ఆఫీసు పనికి దీంట్లోని రిగ్రెషన్‌నే (ఒక అంకె మిగతా వాటితో పాటు ఎలా మారుతుందో లెక్కకట్టే పద్ధతి) వాడుతున్నా. ధర పెంచాక అమ్మకాలు ఎంత తగ్గాయి, ప్రకటనల మీద పెట్టిన ఖర్చు తిరిగొచ్చిందా, కొత్త పద్ధతి వల్ల నిజంగానే టైమ్ కలిసొచ్చిందా, అన్నీ ఇలాంటి ప్రశ్నలే. ఇన్నేళ్ల తర్వాత దీంట్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే పీ వాల్యూ (అసలు ప్రభావమేమీ లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం) కాదు, ఆర్ స్క్వేర్ (డేటాలోని హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని మోడల్ వివరించిందో చెప్పే అంకె) అసలే కాదు, రిగ్రెషన్ డైలాగ్‌లో అడుగున ఉండే 'రెసిడ్యువల్స్' అనే చిన్న టిక్. చాలామంది దాన్ని ముట్టుకోరు, నాకు మాత్రం అది లేకపోతే మిగతా అవుట్‌పుట్ చూడబుద్ధే కాదు.

ఆ టిక్ పెడితే రిజల్ట్ కింద ఒక టేబుల్ వస్తుంది. ఒక్కో రోకి మోడల్ ఎంత అంచనా వేసింది, అసలు విలువకీ దానికీ తేడా ఎంత (ఆ తేడానే రెసిడ్యువల్), అంతే. పైనున్న అంకెలన్నీ డేటా మొత్తాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేస్తాయి, ఈ టేబుల్ ఒక్కటే మోడల్ ఎక్కడ తప్పిందో రో వారీగా చూపిస్తుంది. ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ 1973లోనే నాలుగు చిన్న డేటాసెట్లు తయారుచేసి చూపించాడు, నాలుగింటికీ సగటులు ఒకటే, రిగ్రెషన్ గీత ఒకటే, ఆర్ స్క్వేర్ కూడా ఒకటే, సుమారు 0.67. గ్రాఫ్ గీసి చూస్తే ఒకటి మామూలు గీత, ఇంకోటి వంపు, మరోదాంట్లో ఒకే ఒక్క పాయింట్ మొత్తం గీతని తనవైపు లాగేసింది. అంకెలు చూసి ఆ తేడా ఎవరూ పట్టలేరు.

ఇక నాకు జరిగింది చెప్తా. ఒక కస్టమర్ సపోర్ట్ సెంటర్ వాళ్లకి పని చేశా. స్టాఫ్‌లో కొంతమందికి కొత్త ట్రైనింగ్ ఇచ్చారు, దానివల్ల ఒక్కో కాల్‌కి పట్టే టైమ్ తగ్గిందా అనేది ప్రశ్న. తగ్గిందని తేలితే మిగతా సెంటర్లన్నిటికీ అదే ట్రైనింగ్ ఇవ్వాలని మేనేజ్‌మెంట్ అప్పటికే అనుకుంటోంది. ముందు టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటుల మధ్య తేడాని పరీక్షించేది) చేశా. టూల్‌పాక్ మెనూలో టీ టెస్టులు మూడుంటాయి, నేను రెండు వేరు వేరు గ్రూపులకి ఎప్పుడూ అన్‌ఈక్వల్ వేరియన్సెస్ (రెండు గ్రూపుల్లో విలువల చెదురు, అంటే వేరియన్స్, సమానమని అనుకోనిది) అన్నదే తీసుకుంటా. ముందు ఎఫ్ టెస్ట్ చేసి వేరియన్స్ సమానమో కాదో చూసుకుని ఆ తర్వాత ఏ టీ టెస్టో తేల్చుకునేవాళ్లు ఉన్నారు, నా దృష్టిలో ఆ మెట్టు అనవసరం, వేరియన్స్ సమానమైనా ఈ టెస్టుతో పెద్దగా పోయేదేం లేదు. ట్రైనింగ్ అయినవాళ్ల కాల్స్ బాగా తక్కువ టైమ్‌లో ముగుస్తున్నాయి, పీ వాల్యూ 0.05 కన్నా చాలా కింద ఉంది. తర్వాత కాల్ రకం, ఉద్యోగి అనుభవం కూడా పెట్టి రిగ్రెషన్ చేశా, ట్రైనింగ్‌కి సున్నా ఒకటి డమ్మీ (ట్రైనింగ్ అయితే 1, లేకపోతే 0 ఉండే కాలమ్). అప్పుడు కూడా ట్రైనింగ్ కోఎఫిషియెంట్ (ట్రైనింగ్ వల్ల టైమ్ ఎంత మారిందో మోడల్ చెప్పే అంకె) గట్టిగా నెగటివ్, దాని 95% ఇంటర్వల్ (అసలు విలువ ఉండొచ్చనుకునే పరిధి) సున్నాకి దూరంగా ఉంది. చాలా రిపోర్టులు ఇక్కడితోనే ఆగిపోతాయి.

టూల్‌పాక్ తనంతట తాను గీసిచ్చే రెసిడ్యువల్ ప్లాట్లు ఒక్కో ఎక్స్ వేరియబుల్‌కి (అంచనాకి ఆధారంగా పెట్టిన కాలమ్‌కి) ఒకటి చొప్పున వస్తాయి. ట్రైనింగ్ డమ్మీ ప్లాట్‌లో రెండు నిలువు పట్టీలు, రెండూ సున్నా చుట్టూ పొందిగ్గా ఉన్నాయి. చూడ్డానికి బానే ఉంటుంది కానీ దాంట్లో చెప్పుకోడానికి ఏమీ లేదు, ఇంటర్‌సెప్ట్‌తో (మోడల్‌లోని స్థిరమైన అంకెతో) పాటు డమ్మీ పెట్టినప్పుడు రెండు గ్రూపుల రెసిడ్యువల్స్ సగటు కచ్చితంగా సున్నా అయ్యి తీరుతుంది, లీస్ట్ స్క్వేర్స్ (రెసిడ్యువల్స్ వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించే పద్ధతి) లెక్కే అలా ఉంటుంది. మోడల్ తప్పైనా ఆ ప్లాట్ అంతే ముచ్చటగా వస్తుంది. అందుకే నేను టేబుల్‌లోంచి రెసిడ్యువల్స్ కాలమ్ కాపీ చేసి తేదీల పక్కన పెట్టుకుని, కాల్ వచ్చిన వరసలో నేనే ఒక చార్ట్ గీస్తా, ప్రతిసారీ ఇదే అలవాటు.

ఆ చార్ట్‌లో ఎడమ సగం దాదాపు అంతా సున్నా గీతకి పైన, కుడి సగం ఎక్కువగా కింద. మెల్లగా జారడం కూడా కాదు, మధ్యలో ఒకచోట మెట్టు దిగినట్టు తెగింది. ట్రైనింగ్ లేనివాళ్లని మాత్రమే ఫిల్టర్ చేసి చూస్తే ఆ మెట్టు ఇంకా స్పష్టంగా కనిపించింది. అంటే ట్రైనింగ్ క్లాసులో అడుగు పెట్టనివాళ్లకి కూడా ఆ వారం నుంచి కాల్ టైమ్ తగ్గిపోయింది! మామూలు అంకెల్లో ఎక్కడా లేని సంగతి ఇది.

వెంటనే అక్కడి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి "ఆ వారం ఏమైనా మారిందాండీ" అని అడిగా. "అదే వారం కొత్త టికెట్ సాఫ్ట్‌వేర్ పెట్టారు కదండీ, కస్టమర్ పాత వివరాలన్నీ ఒకే స్క్రీన్ మీద వచ్చేస్తున్నాయి, ఇదివరకులా నాలుగు విండోలు తిప్పే పని లేదు" అన్నారు. ఆ విషయం నాకిచ్చిన డేటాలో లేదు, నాతో మాట్లాడిన మేనేజర్ల దృష్టిలో కూడా లేదు. ట్రైనింగ్ బ్యాచ్‌లు మొదలైంది సాఫ్ట్‌వేర్ వచ్చాకే, కాబట్టి ట్రైనింగ్ అయినవాళ్ల కాల్స్ అన్నీ కొత్త సాఫ్ట్‌వేర్ మీదవే, ట్రైనింగ్ లేని కాల్స్‌లో పాతవీ కొత్తవీ కలిసి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిన లాభంలో పెద్ద వాటా ట్రైనింగ్ ఖాతాలో పడిపోయింది.

సాఫ్ట్‌వేర్ మారిన తేదీకి ఇంకో డమ్మీ పెట్టి మళ్లీ రన్ చేస్తే ట్రైనింగ్ కోఎఫిషియెంట్ సగానికన్నా తక్కువకి పడింది, ఇంటర్వల్ సున్నాకి అటూ ఇటూ పరుచుకుంది. దీని అర్థం ట్రైనింగ్ దండగ అని కాదు, ఉన్న డేటాతో ఏదీ గట్టిగా చెప్పలేం అని, రిపోర్ట్‌లో కూడా అలాగే రాశా. తర్వాతి బ్యాచ్‌కి పేర్లు చీటీలేసి తీసి, మిగిలినవాళ్లతో అవే వారాల్లో పోల్చమని చెప్తే ఒప్పుకున్నారు. ఆ పోలికలో తేడా కనిపించింది, కాకపోతే మొదట్లో టీ టెస్ట్ చూపించినంత లేదు. అందరికీ పనికొచ్చే నిర్ణయం ఆ తర్వాతే తీసుకున్నారు, అదంతా ఆ టిక్ పుణ్యమే అని ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇంత పొగిడాను కాబట్టి మిగతా సంగతులు కూడా చెప్పాలి. అసలు పనికొచ్చిన చార్ట్ టూల్‌పాక్ గీయలేదు, నేను గీసుకున్నా. తేదీల వరసలో గానీ, అంచనా విలువకి ఎదురుగా గానీ రెసిడ్యువల్స్ గీసే ఆప్షన్ దీంట్లో లేదు. నార్మల్ ప్రాబబిలిటీ ప్లాట్ (విలువలు గంట ఆకారపు నార్మల్ పంపిణీలో ఉన్నాయా అని చూసేది) అని ఇంకో టిక్ ఉంది, అది రెసిడ్యువల్స్‌కి వేయాల్సింది పోయి నేరుగా వై (అంచనా వేయాల్సిన కాలమ్) విలువలకే వేస్తుంది, రిగ్రెషన్ చెక్ చేసుకోడానికి దాంతో పనిలేదు, నేను దాన్ని టిక్ చేయను. డర్బిన్ వాట్సన్ లెక్క కూడా రాదు, రెసిడ్యువల్స్ ఒకదాని వెంట ఒకటి ఒకే వైపు ఉంటున్నాయా అని చూసే అంకె అది, 0 నుంచి 4 మధ్య ఉంటుంది, 2 దగ్గరుంటే నిశ్చింత. సమ్‌ఎక్స్‌ఎంవై2, సమ్‌స్క్యూ అనే రెండు ఫంక్షన్లతో ఒక సెల్‌లో వచ్చేస్తుంది కానీ అది తెలిసినవాళ్లకే. 2 కన్నా బాగా తక్కువ వచ్చిందంటే సాధారణంగా పైన కనిపించే స్టాండర్డ్ ఎర్రర్లు (కోఎఫిషియెంట్లు ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో చెప్పే అంకెలు) ఉండాల్సినదానికన్నా చిన్నవిగా ఉన్నాయని, అంటే పీ వాల్యూలు కూడా మరీ అంత నమ్మాల్సినవి కావని అర్థం.

ఆ టేబుల్ అన్నీ పట్టిస్తుందని కూడా అనుకోవద్దు. నా విషయంలో మార్పు ఒక తేదీన జరిగింది కాబట్టి తేదీ వరసలో దొరికింది. అదే చురుకైనవాళ్లని ఏరి ట్రైనింగ్‌కి పంపి ఉంటే, ఆ చురుకుదనం ఏ కాలమ్‌లోనూ లేకపోతే, రెసిడ్యువల్స్ ఎన్ని రకాలుగా తిప్పినా దొరికేది కాదేమో. దానికి చీటీలేసి ఎంచడం లాంటిదే దారి. పైగా రోలు పదివేలు దాటాయంటే ఆ చార్ట్‌లో చుక్కలన్నీ కలిసిపోయి ఒక నల్లటి మరకలా అయిపోతుంది, అప్పుడు వారం వారం సగటు తీసి గీసుకోవాలి.

మిగతా ఇబ్బందులు తెలిసినవే. ఎక్స్ కాలమ్స్ అన్నీ పక్కపక్కనే ఉండాలి, 16 దాటకూడదు, ఖాళీ సెల్ ఒక్కటున్నా ఒప్పుకోదు. నాకు వీటన్నిటికన్నా ఎక్కువ చిరాకు, రిజల్ట్ ఫార్ములాలుగా కాకుండా ఉత్తి అంకెలుగా రావడం, డేటాలో ఒక రో సరిచేస్తే మొత్తం మళ్లీ రన్ చేయాలి, పాత అవుట్‌పుట్ పక్కనే ఉండిపోతే ఏది కొత్తదో ఇంకొకరికి తెలియదు, అందుకే ప్రతి రన్‌కీ కొత్త షీట్, దానికి తేదీతో పేరు. కాన్‌స్టంట్ ఈజ్ జీరో అనే బాక్స్ మాత్రం ముట్టుకోకండి, అది పెడితే ఇంటర్‌సెప్ట్ సున్నా అయిపోయి ఆర్ స్క్వేర్ లెక్కే మారిపోతుంది, చాలాసార్లు బాగా పెద్దగా కనిపిస్తుంది, మామూలు మోడల్‌తో దాన్ని పోల్చకూడదు.

ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు వచ్చినవాళ్లకి ఇవన్నీ రెండు లైన్ల పని, వాళ్లని దీనికి మారమని నేను చెప్పను. బ్రౌజర్‌లో ఎక్సెల్ వాడేవాళ్లకైతే ఇది అసలు రన్ అవ్వదు. నా పరిస్థితి వేరు, నా దగ్గరికొచ్చే డేటా కొన్ని వందల నుంచి కొన్ని వేల రోలు, క్లయింట్ల కంప్యూటర్లలో వేరే సాఫ్ట్‌వేర్ పెట్టనివ్వరు, షీట్ పంపితే మేనేజర్ తనే తెరిచి ఏ రో ఎక్కడుందో చూసుకోగలగాలి. ఆ లెక్కన నాకైతే 5కి 4 ఇస్తా, ఆ టేబుల్ పక్కనే తేదీ వరస ప్లాట్ కూడా ఒక టిక్‌తో వచ్చుంటే ఆ ఒక్కటి కూడా కలిపేసేదాన్ని.