ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా, ఉన్నదాంతో సర్దుకోవడమా: గేమింగ్‌కి ఏది మేలు?

దసరా సెలవులకి మా మేనల్లుడు పాలకొల్లు నుంచి భీమవరం వచ్చాడు. బట్టల సంచీ మర్చిపోయాడు గానీ సీపీయూని మాత్రం దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పదిలంగా తెచ్చాడు. "ప్రాసెసర్ మార్చేస్తే పోద్ది కదండీ మావయ్యా, గేములు లాగుతున్నాయి" అన్నాడు.

మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం. అందుకేనేమో, ఆట నత్తనడక నడిచిందంటే ముందు ప్రాసెసర్ మీదే అనుమానం. ఎవరెక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, ఇప్పుడు ఏమేం గీయాలి అనే లెక్కలు ప్రాసెసర్‌వి. ఆ బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. శివారు చేనుకి నీళ్ళందకపోతే లాకు దగ్గరకెళ్ళి గొడవ పెట్టుకుంటారు కొందరు. తీరా చూస్తే బోదె నిండా గుర్రపుడెక్క ఉంటుంది. ముందు ఎక్కడ ఆగిందో చూడాలి.

చూడటం పెద్ద విద్యేం కాదు. వాడిది ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, జిటిఎక్స్ 1650 కార్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ కడ్డీ. సైబర్‌పంక్ 2077 గేము పెట్టమన్నాను. తెర మూలన అంకెలు కనబడేట్టు పెడితే కార్డు వాడకం 99 శాతం దగ్గర అతుక్కుపోయింది. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించాను, ఆట ఒక్కసారిగా తేలికైంది. రిజల్యూషన్ దించితే తగ్గేది కార్డు పనే, ప్రాసెసర్ లెక్కలు అలాగే ఉంటాయి. కాబట్టి దించగానే ఫ్రేములు, అంటే సెకనుకి గీసే బొమ్మలు, పెరిగాయంటే బరువు మోయలేకపోతున్నది కార్డు. వాడికి ప్రాసెసర్ మార్చడం దండగ. పైగా ఆ మదర్‌బోర్డులో 8, 9 తరాల ఇంటెల్ చిప్పులు తప్ప కొత్తవి కూర్చోవు. అంతకన్నా కొత్తది కావాలంటే బోర్డు కూడా మార్చాలి. అదే డబ్బుతో 8 జీబీ కార్డు, జతకి ఇంకో ర్యామ్ కడ్డీ కొనుక్కుంటే మేలు. రెండు కడ్డీలుంటే ర్యామ్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి. చాలా ఇళ్ళల్లో ఆ రెండో స్లాటు ఖాళీగా దుమ్ము తింటూ ఉంటుంది.

నా కథ వేరు. నాది బి450 బోర్డు మీద ఏఎమ్‌డీ వాళ్ళ రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఆర్‌టిఎక్స్ 3060 కార్డు, 144 హెర్ట్‌జ్ మానిటర్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది. సైబర్‌పంక్ బాగానే ఆడేది. కౌంటర్‌స్ట్రైక్ 2లో మాత్రం పొగ బాంబులు పేలి పదిమందీ ఒకచోట చేరగానే కుదుపు. అప్పుడు కార్డు వాడకం చూస్తే సగానికి జారిపోయేది, రిజల్యూషన్ దించినా ఒక్క ఫ్రేము పెరిగేది కాదు. అంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. 60 హెర్ట్‌జ్ మానిటర్‌కి ఒక్కో ఫ్రేముకీ 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. 144కి 6.9 మాత్రమే. అందుకే 60 హెర్ట్‌జ్ వాళ్ళకి కనబడని లోటు నాకు కనబడింది.

చిప్పు కొనేముందు ఇంకో సంగతి బయటపడింది, చెప్పుకోవడానికి సిగ్గే. 3200 వేగం ర్యామ్ కొని రెండేళ్ళుగా 2400 దగ్గరే నడుపుతున్నాను. బయోస్‌లో, అంటే బోర్డుని మేల్కొలిపే సాఫ్ట్‌వేర్‌లో, ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యలేదు! ఈ రైజెన్‌లలో చిప్పు లోపలి దారుల వేగం మామూలుగా ర్యామ్ వేగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేకుండా కొంత తేడా తెలిసింది. కుదుపులు తగ్గాయి, పోలేదు.

ఇక మూడు దారులు. ఒకటి, అదే బోర్డులో రైజెన్ 5 5600. ఇదీ 65 వాట్లదే, కాబట్టి పాత కూలరూ, కరెంటిచ్చే పాత ఎస్‌ఎంపీఎస్సూ చాలు. 3600లో 32 ఎంబీ క్యాషే (చిప్పు లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పదహారు పదహారుగా రెండు వాటాలై ఉంటుంది, 5600లో ఆరు కోర్లకీ ఉమ్మడి. రెండోది 5700ఎక్స్3డి. దీంట్లో క్యాషే 96 ఎంబీ, ర్యామ్ దాకా పరిగెత్తాల్సిన పని బాగా తగ్గుతుంది. ఫ్లైట్ సిమ్యులేటర్లు ఆడేవాళ్ళకీ, 240 హెర్ట్‌జ్ మానిటర్ ఉన్నవాళ్ళకీ నేనైతే ఇదే చెబుతాను. 3060 కార్డు పక్కన పెట్టడానికి మాత్రం ఎక్కువే. మూడోది ఏఎమ్5, అంటే నా బోర్డులోని ఏఎమ్4 తర్వాత వచ్చిన కొత్త సాకెట్. బోర్డు కొత్తది, ర్యామ్ కూడా డిడిఆర్5 అనే కొత్త తరంది తప్ప పనికిరాదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా భగ్గుమన్నాయో కొన్నవాళ్ళకి తెలుసు. కొత్తగా డబ్బా మొత్తం కట్టించుకునేవాళ్ళకి అదే సరైన దారి, ఏఎమ్4 బోర్డు చేతిలో ఉన్నవాళ్ళకి తొందరేం లేదు.

నేను 5600 తీసుకున్నాను. మార్చడం ఓ పావుగంట పనిలే అనుకున్నాను.

పాత కూలర్ స్క్రూలు విప్పి పైకి లాగితే కూలర్‌తో పాటు చిప్పు కూడా ఊడొచ్చింది, సాకెట్ లీవరు ఇంకా దించే ఉంది. వేడి దాటడానికి చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ఎండిపోయి జిగురులా పట్టేసింది. ఈ చిప్పు అడుగున 1331 పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా తంటానే. టార్చిలైటు వేసుకుని వరసా వరసా చూసుకున్నాను, అదృష్టం, అన్నీ నిటారుగానే ఉన్నాయి. తర్వాత తెలిసిందేమిటంటే, విప్పేముందు పది నిమిషాలు ఆటేదైనా నడిపి పేస్టు వేడెక్కనివ్వాలి, కూలర్‌ని లాక్కుండా అటూ ఇటూ మెలితిప్పాలి.

కొత్తది బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉంది. బోర్డుకి పాత బయోస్, అది 5600ని గుర్తుపట్టలేదు. మళ్ళీ పాత చిప్పు పెట్టి, పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించి, మళ్ళీ కొత్తది. బయోస్ ఎక్కేటప్పుడు కరెంటు పోతే బోర్డే పోవచ్చు. గాలేస్తే చాలు కరెంటు పోయే ఊళ్ళు మనవి, యూపీఎస్ లేకుండా ఆ పనికి దిగొద్దు.

సైబర్‌పంక్‌లో ఏమీ మారలేదు, మారుతుందని అనుకోలేదు కూడా. కౌంటర్‌స్ట్రైక్‌లో మాత్రం పొగలో ఆ కుదుపు పోయింది.

మేనల్లుడు ఇదంతా పక్కనే కూర్చుని విన్నాడు, "ఆయ్, ముందు కార్డేనండి" అని ఒప్పుకుని ఊరెళ్ళాడు. నిన్న రాత్రి మళ్ళీ లింకు పంపాడు. తెరిచి చూస్తే ప్రాసెసరూ బోర్డూ కలిపి అమ్ముతున్న కాంబో.