నాందేడ్ జిల్లాలోని ఒక స్వారీ శిక్షణ కేంద్రం: పాఠానికి మెప్పు, పందేనికి అభ్యంతరం

దెగ్లూర్, బిలోలీ తాలూకాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే మాలాంటి కుటుంబాలకు గుర్రం కొత్త జంతువేమీ కాదు. లోహా తాలూకా మాళేగావ్‌లో మార్గశిరంలో ఖండోబా యాత్ర జరిగినప్పుడు, మనం మల్లన్నగా కొలిచే ఆ స్వామిని దర్శించుకున్నవారు గుర్రాల సంత కూడా చూసుకునే ఇంటికి వస్తారు. మా అమ్మాయికి స్వారీ నేర్చుకోవాలన్న కోరిక ఆ సంతలోనే పుట్టింది. పదకొండేళ్ల ఆ పిల్లను ఏడు నెలలుగా వారానికి రెండు రోజులు తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒక శిక్షణ కేంద్రానికి తీసుకువెళుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. యజమానితో నా మాటలు ఇంకా ముగియలేదు కాబట్టి కేంద్రం పేరు ఇవ్వడం లేదు.

ఈ చుట్టుపక్కల ఇంత ఓపికగా స్వారీ నేర్పేవారు నాకు కనిపించలేదు. మొదటి మూడు వారాలు పిల్లలను జీను ఎక్కనివ్వరు. గుర్రానికి మాలీషు చేయడం, గిట్టల అడుగున ఇరుక్కున్న రాళ్లను కొక్కెంతో తీయడం, వెనుకనుంచి కాకుండా భుజం వైపునుంచి దగ్గరికి వెళ్లడం, అరచేత్తో కాళ్లు తడిమి వేడి ఉందేమో చూడడం ముందుగా నేర్పుతారు. నెలకు 3,500 రూపాయల రుసుములోనే హెల్మెట్ ఇస్తారు. మైదానంలో ఇసుక మెత్తగా ఉంటుంది, లాయం శుభ్రంగా ఉంటుంది, ఉలవల దాణాలో ఎక్కడా పిసినారితనం కనిపించదు.

అక్కడున్న ఐదు గుర్రాల్లో మూడు రేసులనుంచి విరమించినవి. మా అమ్మాయి స్వారీ నేర్చుకున్న చాందినీ వాటిలో ఒకటి. మలక్‌పేట రేస్‌కోర్సు లాయాల్లో చాలా ఏళ్లు పనిచేసిన సైస్ (గుర్రాలను చూసుకునే మనిషి) ఒకరోజు దాని పెదవి పైకెత్తి, పై దవడలో ముందుపళ్ల వరుస చివరన ఉన్న పంటి మీద నిలువుగా దిగిన గోధుమరంగు గాడిని చూపించాడు. "ఈ గీత పదేండ్లకు చిగురు కాడ మొదలైతది బిడ్డా, పదిహేనుకు సగం దాకా దిగుతది, ఇరవైకి పన్ను కొసకు వస్తది" అన్నాడు. చాందినీకి ఆ గాడి సగం దాటింది. అంటే అటూ ఇటూగా పదహారేళ్లు. చక్కగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లకు పైగానే బతుకుతుంది కాబట్టి, రేసులు వదిలాక దాని ముందున్న కాలం రేసుల్లో గడిపిన కాలం కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ కాలమంతా దాన్ని కట్టేసి ఉంచితే కీళ్లు బిగుసుకుపోతాయి, కడుపునొప్పులు వస్తాయి. పిల్లలను మోస్తూ నెమ్మదిగా నడవడం దానికీ మేలే, అందువల్ల విరమించిన గుర్రంతో పని చేయించడంపై నాకు ఏ అభ్యంతరమూ లేదు.

డిసెంబరులో ఒక ఆదివారం మేము వెళ్లేసరికి చాందినీ లాయంలో లేదు. దగ్గరి ఊరి జాతరలో పందేనికి తీసుకువెళ్లారని చెప్పారు. బుధవారం వెళ్లినప్పుడు అది బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ ముందుకాలి గిట్ట కొనను మాత్రం నేలకు ఆనించి నిలబడి ఉంది. మా అమ్మాయి తనకు నేర్పిన పద్ధతిలోనే మోకాలికి దిగువన వెనుకవైపు అరచేయి పెట్టి, "నాన్నా, ఈ కాలు ఒక్కటే కాలుతోంది" అంది. నేనూ తాకి చూశాను. ఎప్పుడూ చిన్న గట్టి ముడిలా చేతికి తగిలే చోట ఇప్పుడు విల్లులా వంగిన వాపు ఉంది. ఆ ముడి రేసుల కాలంలో తెగిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) మానిన గుర్తు. ఒకసారి దెబ్బతిన్న టెండన్ మానినా మునుపటి సాగే గుణం తిరిగి రాదు. మచ్చ కణజాలం గట్టిగా ఉంటుంది, పూర్తి వేగంతో దౌడు తీసేటప్పుడు ఆ చోటో దాని పక్కనో మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. నడకకు సరిపోయే కాలు పందేనికి సరిపోదు.

యజమాని మర్యాదగానే మాట్లాడారు. ఎవరూ కొరడా వాడలేదనీ, పక్క గుర్రం కదిలితే చాందినీ తనంతట తానే ఉరుకుతుందనీ, అది దానికి ఆనందమనీ అన్నారు. ఉరుకుతుందన్నది నిజమే. కానీ గుర్రం మందలో బతికే జంతువు. మంద పరుగెత్తినప్పుడు వెనుకబడినదాన్ని క్రూరమృగం పట్టుకుంటుంది కాబట్టి, నొప్పిని దాచుకుని పరుగెత్తడం దాని పుట్టుకలోనే ఉంది. దాన్ని మనం ఒప్పుకోలుగా లెక్కవేసుకోవడం న్యాయం కాదు. ఇంగ్లండ్‌లో రెడ్ రమ్ అనే గుర్రం 1977లో పన్నెండేళ్ల వయసులో గ్రాండ్ నేషనల్ అనే పేరున్న గుర్రపు పందేన్ని మూడోసారి గెలిచింది కదా అని కూడా ఆయన అడిగారు. గెలిచింది. అయితే 1978 పందేనికి ముందురోజు ఎముకలో సన్నని పగులు బయటపడగానే దాన్ని ఆపేశారు, ఆ తర్వాత అది ముప్పై ఏళ్ల వయసు దాకా బతికింది. జాతర మైదానంలో కాలు తడిమి చూసి "ఈ రోజు వద్దు" అనే పశువైద్యుడు ఎవరున్నారు?

పందేలను సుప్రీంకోర్టే ఒప్పుకుంది కదా అనే వాదన కూడా వినిపిస్తుంది. కానీ 2023 మే 18న ఆ కోర్టు ఇచ్చిన తీర్పు మహారాష్ట్రలో సమర్థించినది ఎడ్లబండి పందేల చట్ట సవరణను. దాన్ని ముసలి గుర్రానికి అన్వయించడం పొరపాటు. వయసు వల్లగానీ, గాయం వల్లగానీ పనికి తగని జంతువును పనిలో పెట్టడం క్రూరత్వమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ చెబుతోంది.

ఆయన మాటల్లో నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఖర్చు సంగతి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. దాణా, లాడాలు, సైస్ జీతం, మందులు అన్నీ పిల్లల రుసుములతో గడవడం లేదని, పందెం బహుమతి రెండు నెలల దాణాకు సరిపోతుందని ఆయన లెక్క చూపించారు. ఆ లెక్కలో అబద్ధం లేదు. రుసుము 500 రూపాయలు పెంచండి, పందెం మానండి అని నేనూ మరో ఇద్దరు తల్లిదండ్రులూ రాసి ఇచ్చాము. ఆలోచిస్తానన్నారు.

శిక్షణకు ఐదులో నాలుగున్నర ఇస్తాను, విరమించిన గుర్రాల పట్ల తీరుకు రెండు మాత్రమే ఇవ్వగలను. చాందినీకి ఇప్పుడు పూర్తి విశ్రాంతి. సైస్ రోజూ రెండు పూటలా కాలికి చన్నీళ్లు పోసి, కట్టు కడుతున్నాడు. మా అమ్మాయి వేరే గుర్రం మీద నేర్చుకుంటూ, వచ్చేముందు చాందినీ కాలు తడిమి చూసి వస్తోంది. మీ పిల్లలను అక్కడ చేర్పించదలిస్తే పొద్దున ఆరింటి తరగతిని ఎంచుకోండి. రుసుము కట్టేముందు, వారు స్వారీ చేయబోయే గుర్రం ఈ ఏడాది ఏదైనా పందెంలో పరుగెత్తిందా అని యజమానిని అడగండి, ఆ కాళ్లను మీ చేత్తో తాకి చూడండి.