చేతి కింద ఏముందో తెలిసిన మర్దన

మెడ ఎడమవైపు పట్టేసి, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చినప్పుడు నేను చేయించుకున్న మసాజ్ గురించి ఈ సమీక్ష. బల్ల మీద పడుకోమనే ముందు థెరపిస్ట్ నన్ను నిలబెట్టి, తలను రెండు వైపులా తిప్పించి చూశారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. గడ్డ ఉన్న కాలిని మర్దన చేస్తే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది కనుక, ఈ ప్రశ్నలు వేయనివారి చేతికి ఒళ్లు అప్పగించకపోవడమే మేలని నా అభిప్రాయం.

నొప్పి మెడలో ఉన్నా ఆమె వేలు మాత్రం భుజపుటెముక పైమూలను వెతికింది. మెడలోని మొదటి నాలుగు వెన్నుపూసల దగ్గర మొదలయ్యే లెవేటర్ స్కాపులే అనే కండరం అక్కడికే వచ్చి అతుక్కుంటుంది. దాని కింది భాగాన్ని, మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న ట్రపీజియస్ అనే వెడల్పాటి కండరం కప్పి ఉంచుతుంది కాబట్టి, ఆ అమరిక తెలియనివారు పైపైన భుజం పిసికి వదిలేస్తారు. ఆమె నా చేతిని వీపు వెనక్కి మడిచి పెట్టించగానే ఎముక లోపలి అంచు పైకి తేలింది. ఆ అంచు వెంబడే వెళ్లి మూలను పట్టుకున్నారు. అక్కడ వేలు నొక్కి ఉంచి ఊపిరి మెల్లగా వదలమన్నప్పుడు, నేను భుజాన్ని చెవి వైపు ఎగబట్టి ఉంచుతున్నానని మొదటిసారి గమనించాను. ఆ కండరం పని భుజపుటెముకను పైకి లాగడమే కదా, ఇక దానికి విశ్రాంతి ఎక్కడిది?

ఎక్కడ నొక్కకూడదో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని ఉన్న మెడ ముందువైపును ఆమె ముట్టుకోలేదు. నరాలూ రక్తనాళాలూ చర్మానికి దగ్గరగా ఉండే మోకాలి వెనుక గుంటను దాటుకుని పిక్కకు వెళ్లారు.

అయితే ఆ పిక్క దగ్గరే నాకు అసంతృప్తి కలిగింది. ఒత్తిడి సరిపోయిందా అని మెడ దగ్గర పదేపదే అడిగినవారు ఇక్కడ ఒక్కసారీ అడగలేదు, నేనే ఆపమనవలసి వచ్చింది. పాదాలను హడావిడిగా ముగించారు. సంగీతం కూడా లేకపోతే బాగుండేది.

మరునాడు భుజం కొద్దిగా సలిపినా, తల మాత్రం ముందుకన్నా బాగా తిరిగింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఆమె మాట ఇవ్వనూ లేదు. వేళ్లలో తిమ్మిరి గాని, చేతిపట్టు తగ్గడం గాని ఉంటే తన దగ్గరికి కాక ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లమని చెప్పి పంపారు.