‘ఐ, డేనియల్ బ్లేక్’: కౌంటర్‌కు ఇవతల కూర్చున్నవాడు చూస్తే

బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ తీసిన ఈ చిత్రానికి 2016లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పామ్ డోర్ వచ్చింది, కథ చాలామందికి తెలిసిందే. పింఛన్ల సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేను దీన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తున్నది మాత్రం ఆన్ అనే చిన్న పాత్ర కోసమే.

గుండెపోటు వచ్చిన వడ్రంగి డేనియల్‌ను పనికి వెళ్లవద్దని డాక్టర్లు అంటారు, పని చేయగలడని ప్రభుత్వ మదింపు తేలుస్తుంది. ఆ నిర్ణయం గురించి అడుగుదామని ఫోన్ చేస్తే 1 గంట 48 నిమిషాలు సంగీతమే వినిపిస్తుంది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. మౌస్‌ను తెర మీద పైకి జరపమంటే, ఆయన మౌస్‌నే ఎత్తి తెరకు ఆనిస్తాడు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ జాబ్‌సెంటర్‌లో, అంటే నిరుద్యోగులు భృతి కోసం వెళ్లే ప్రభుత్వ కార్యాలయంలో, ఆయన అవస్థ చూసి, ఉద్యోగిని ఆన్ పక్కన చేరి ఫారం నింపడంలో సాయం చేయబోతుంది. పైఅధికారిణి ఆమెను లోపలికి పిలిచి, ఇలా ఒకరికి చేస్తే అందరూ అడుగుతారన్న ధోరణిలో మందలిస్తుంది. ‘కొత్త అలవాట్లు చేయొద్దు’ అన్న మాట మా ఆఫీసులోనూ అచ్చంగా అంత మెత్తగానే వినిపించేది. ఫైలు కదలకపోవడానికి కోపిష్టి మనిషి అక్కర్లేదని ఇంత సూటిగా చూపిన సినిమాను నేను మరొకటి చూడలేదు.

పేదలకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకులో, డేనియల్ అండగా నిలిచిన ఒంటరి తల్లి కేటీ ఆకలికి ఆగలేక డబ్బా తెరిచి తినే ఘట్టాన్ని మొదట్లో అందరికీ చెప్పి మెచ్చుకునేవాడిని. అది ఇప్పటికీ కదిలిస్తుంది గానీ, ఆ మదింపుపై పెట్టుకున్న అప్పీలు విచారణకు ముందు డేనియల్ మరణించడం, అంత్యక్రియల్లో ఆయన రాసుకున్నది కేటీ చదవడం మాత్రం దర్శకుడే వేదికెక్కి మాట్లాడినట్టు అనిపిస్తున్నాయి. జాబ్‌సెంటర్ సిబ్బందికి అన్యాయం జరిగిందని బ్రిటన్ మాజీ మంత్రి ఇయాన్ డంకన్ స్మిత్ ఆక్షేపించారు. ఆయన వాదన మొత్తం నాకు రుచించదు, కానీ ఆన్ తప్ప మిగిలిన సిబ్బంది ఒకే మూసలో ఉన్నారన్నది నిజమే. ఆ పైఅధికారిణికి పైనుంచి వచ్చే ఒత్తిడి ఏమిటో ఒక్క సన్నివేశంలోనైనా చూపించి ఉంటే బాగుండేది.

నెలనెలా పింఛను ఖాతాలో పడుతున్నవాడిని కనుక నేను దీన్ని తీరిగ్గా చూడగలుగుతున్నాను. ప్రస్తుతం ఏదో ఒక కాగితం కోసం కౌంటర్ల చుట్టూ తిరుగుతున్నవారికైతే, ఆ పని తెమిలాకే చూడమంటాను.