20 బొమ్మల్లో మిగిలినవి 11: ఒక పోర్ట్‌ఫోలియో సమీక్ష సేవ గురించి

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పని కోసం మూడేళ్లుగా ప్రచురణ సంస్థలకు నా పోర్ట్‌ఫోలియో, అంటే ఎంచి పెట్టిన నా బొమ్మల సంపుటి, పంపుతున్నాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు "ప్రస్తుతానికి మాకు అవసరం లేదు" అన్న ఒక్క వాక్యమే ఉండేది, మిగతా చోట్ల నుంచి ఆ వాక్యం కూడా రాలేదు. లోపం ఎక్కడుందో అలాంటి జవాబుల వల్ల తెలియదు. ఇంట్లోవాళ్లను అడిగితే బాగున్నాయనే అంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు కనుక నా కంటికి అవి ఎప్పుడూ బాగానే కనిపిస్తాయి. నాతో పరిచయమూ మొహమాటమూ లేని, ఈ రంగంలోనే చేయి తిరిగిన ఒకరు వాటిని చూడాలని నిశ్చయించుకుని, రుసుము తీసుకుని పోర్ట్‌ఫోలియోలను పరిశీలించే ఒక ఆన్‌లైన్ సేవలో చేరాను. అందులో ఒక భాగం నాకు ఎంతో మేలు చేసింది, ఇంకొక భాగం తీవ్రంగా నిరాశపరిచింది. ఇలాంటి సేవకు డబ్బు కట్టే ముందు దేనికి కట్టాలో, దేనికి కట్టనక్కరలేదో తెలియడం ముఖ్యం కాబట్టి సంస్థ పేరు పక్కన పెట్టి అనుభవాన్ని మాత్రం వివరంగా రాస్తున్నాను.

సేవలో భాగంగా 60 నిమిషాల వీడియో సంభాషణ, ఆ తర్వాత ఒక లిఖిత నివేదిక, ఆరు వారాల తర్వాత 15 నిమిషాల రెండో పరిశీలన ఉంటాయి. ముందుగా 20 బొమ్మలు అప్‌లోడ్ చేసి, కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ ప్రశ్నల్లో "ఈ బొమ్మలు చూసి ఎవరు మీకు ఏ పని ఇవ్వాలని కోరుకుంటున్నారు?" అన్నది ఒకటి. "ఇలస్ట్రేషన్ పని ఏదైనా" అని రాశాను. సంభాషణ మొదలైన వెంటనే సమీక్షకురాలు పట్టుకున్నది ఆ జవాబునే. ఆమె చాలా కాలం పిల్లల పుస్తకాలకు ఆర్ట్ డైరెక్టర్‌గా, అంటే బొమ్మలు వేసేవారిని ఎంచుకుని వారి పనిని నడిపించే వ్యక్తిగా, పనిచేసినవారు. "ఏదైనా చేస్తానన్నవారికి ఏ పని ఇవ్వాలో ఇచ్చేవారికి తోచదు. మీరు ఒకటి ఎంచుకోండి, నేను ఆ పని ఇచ్చే మనిషి కళ్లతో చూస్తాను" అన్నారు. పిల్లల బొమ్మల పుస్తకాలు అని చెప్పాను. ఆ తర్వాత గంటసేపు ఆమె చెప్పిన ప్రతి మాటా ఆ ఒక్క ఎంపికకు కట్టుబడే సాగింది.

ఆమె బొమ్మలను ఒక్కొక్కటిగా తెరవలేదు. 20 బొమ్మలనూ తపాలా బిళ్లలంత చేసి ఒకే తెరపై పరిచి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా చూశారు. తర్వాత మంచిచెడుల జోలికి పోకుండా, తనకు కనిపించినదేమిటో చెప్పారు: సాయంకాలపు వెలుతురు, కిటికీలు, దీపాలు, ఒంటరిగా కూర్చున్న మనుషులు. ఆపైన నేను ఏమి అడగదలచుకున్నానో అడగమన్నారు. అభిప్రాయాలు చెప్పడం ఆ తర్వాతే మొదలైంది. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంది. అందులో చూసినవారు ముందుగా తమ మనసుకు తాకినదేమిటో చెబుతారు, తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు, మూడో దశలో చూసినవారు ఏ తీర్పూ ధ్వనించని ప్రశ్నలు వేస్తారు, చివరగా కళాకారుడి అనుమతితో అభిప్రాయాలు చెబుతారు. ఈ వరుస ఎందుకు పనిచేస్తుందో ఆ రోజు నాకు అర్థమైంది. నేను వేసినదాన్ని ఎదుటివారు నిజంగా చూశారన్న నమ్మకం ముందే కుదిరింది కాబట్టి, తర్వాత వచ్చిన కఠినమైన మాటలకు ఎదురు వాదించాలని అనిపించలేదు.

వాటిలో అన్నిటికంటే కఠినమైనది చేతుల గురించి. "ఈ 20 బొమ్మల్లో మనుషులున్నవి 14. వాటిలో 9 బొమ్మల్లో చేతులు కనిపించడం లేదు" అని ఆమె ఆ తొమ్మిదింటినీ ఒక పక్కకు జరిపి చూపించారు. ఒకచోట జేబులో, ఒకచోట వీపు వెనక, ఒకచోట బల్ల కింద, ఇంకోచోట బొమ్మ అంచుతో సరిగ్గా మణికట్టు దగ్గర తెగిపోయి ఉన్నాయి. ఇవన్నీ నేను కూర్పు కోసమే అలా వేశానని ఇన్నాళ్లూ నమ్మాను. తొమ్మిదీ పక్కపక్కన చూసేసరికి, చేతులు సరిగ్గా రావన్న భయంతో వాటిని దాస్తున్నానని నాకే స్పష్టంగా తెలిసింది. పిల్లల పుస్తకంలో పాత్ర ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది: పట్టుకుంటుంది, విసురుతుంది, లాగుతుంది, హత్తుకుంటుంది. చేతులు దాచిన బొమ్మలో కథ కదలదని, ఆర్ట్ డైరెక్టర్ ఆ సంగతి పేరు పెట్టి చెప్పలేకపోయినా బొమ్మలో ఏదో వెలితి ఉందనుకుని పక్కన పెట్టేస్తాడని ఆమె వివరించారు. మూడేళ్లలో ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు.

చేతులు కనిపించే ఐదింటిలో ఒకటి నాకు చాలా ఇష్టమైన బొమ్మ. దీపం వెలుగులో ఒక ముసలాయన ఎర్ర గొడుగు బాగుచేస్తుంటాడు, మనవరాలు పక్కన గడ్డం కింద చేయి పెట్టుకుని చూస్తుంటుంది. దాన్ని ఆమె తెరపై పెద్దదిగా చేసి, రంగులు తీసేసి నలుపు తెలుపులోకి మార్చారు. ముసలాయన వేళ్లు మాయమయ్యాయి. పసుపు వెలుగు పడిన చర్మమూ ఎర్రటి గొడుగు గుడ్డా రంగులో వేరుగా ఉన్నా, వెలుగునీడల కొలతలో ఒకే బూడిద రంగుగా కలిసిపోయాయి. బొమ్మకు ప్రాణమైన చోట, సూది గుడ్డలో దిగే చోట, కంటికి పట్టు దొరకడం లేదు. ఆమె నా బొమ్మపైన ఇంకో పొర పెట్టి, వేళ్ల వెనక ఉన్న గుడ్డ మడతను ముదురు చేసి, చూపుడు వేలి అంచున సన్నని వెలుగు గీత గీశారు. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వేళ్లు పైకి లేచి వచ్చాయి. ఇలా బొమ్మపైనే గీసి చూపడం ఎంత ఉపయోగమో మాటల్లో చెప్పడం కష్టం. "కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) పెంచండి" అని ఎవరైనా అని ఉంటే, నేను బొమ్మ మొత్తానికీ పెంచి పాడుచేసేదాన్ని.

తర్వాత బొమ్మలను కుడిఎడమలు తిప్పి చూపించారు. నా పాత్రల ముఖాలన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. వేసిన చిత్రాన్ని అద్దంలో చూసుకోమని లియొనార్డో డా విన్సీ తన రాతల్లో సలహా ఇచ్చాడు. ఆ సంగతి తెలిసి కూడా నేను ఏనాడూ పాటించలేదు.

పుస్తకం పని తెలిసినవారు మాత్రమే పట్టుకోగల లోపాలు కూడా బయటపడ్డాయి. రెండు పేజీలకు విస్తరించే ఒక బొమ్మలో పిల్లవాడి ముఖం సరిగ్గా మధ్య మడతలో పడింది. పుస్తకం కుట్టాక ఆ ముఖం సగం మడతలోకి వెళ్లిపోతుంది. ఏ బొమ్మలోనూ కథ వాక్యాలకు చోటు వదల్లేదు. అన్నిటినీ మించి, ఒకసారి కనిపించిన పాత్ర నా పోర్ట్‌ఫోలియోలో మళ్లీ ఎక్కడా కనిపించదు. బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలు ఉంటాయి. ఆ పేజీలన్నిటిలోనూ ఒకే పాప నవ్వుతూ, ఏడుస్తూ, పరిగెత్తుతూ, వీపు తిప్పి నిలబడినా ఆ పాపే అని తెలియాలి. ఆ నిలకడ నాకు ఉందో లేదో నా 20 విడి బొమ్మలు చెప్పలేవు. పని ఇచ్చేవారికి అన్నిటికంటే ముందు రావలసిన సందేహం అదే.

చివరి పావుగంట ఎంపికకు కేటాయించారు. 20లో 11 మిగిలాయి. తీసేసినవాటిలో నేను 40 గంటలకు పైగా కష్టపడి వేసిన ఒక వృద్ధురాలి ముఖచిత్రం ఉంది. బాధ కలిగింది, ఎందుకు తీశారని అడిగాను. "చాలా బాగుంది. కానీ మీరు అడుగుతున్న పనికి ఇది సంబంధించినది కాదు" అన్నారు. బలహీనమైన బొమ్మలను తీసేయడానికి ఆమె చెప్పిన కారణం నాకు మరింత నచ్చింది: బలహీనమైన బొమ్మ మన చేతి పని ఒకసారి తప్పిందని మాత్రమే కాదు, మంచిచెడులు మనకే తెలియడం లేదని కూడా చెబుతుంది, ఆర్ట్ డైరెక్టర్‌ను కలవరపెట్టేది ఆ రెండోదే. తీసేసిన తొమ్మిదికి బదులుగా ఒకే పాత్రను ఆరు సందర్భాల్లో వేయమన్నారు.

నేను యానిమేషన్ స్టోరీబోర్డులు (సన్నివేశాలను వరుసగా చూపే చిత్తు బొమ్మలు) కొన్ని చూపించబోతే, అది తన రంగం కాదని, దానికి వేరే సమీక్షకుడిని ఎంచుకోమని సూటిగా చెప్పారు. గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ తన చిత్రం వెనక దాగి దారినపోయేవారి మాటలు వినేవాడని, చెప్పులు కుట్టే ఒకతను చెప్పు చిత్రణలో తప్పు పట్టుకుంటే దిద్దుకున్నాడని, మర్నాడు అదే మనిషి కాలి గురించి కూడా చెప్పబోతే ఆపేశాడని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈమెను ఎవరూ ఆపవలసిన అవసరం రాలేదు, తన హద్దు తానే గీసుకున్నారు. అందుకే హద్దు లోపల చెప్పినదంతా నమ్మగలిగాను.

ఇక లిఖిత నివేదిక. ఏడు రోజుల్లో పంపుతామన్నది 19వ రోజున వచ్చింది. నాలుగు పేజీల్లో నా బొమ్మల ప్రస్తావన ఒక పేజీకి మించి లేదు, మిగతాదంతా ఎవరికైనా సరిపోయే ఊకదంపుడు. "వెలుగునీడలపై మరింత శ్రద్ధ వహించండి", "మీదైన శైలిని పెంపొందించుకోండి" వంటి వాక్యాలు ఏ బొమ్మను ఉద్దేశించినవో తెలియదు. మూడో పేజీలో "మీ లోగోలు" అంటూ ఒక పేరా ఉంది. నేను జీవితంలో ఒక్క లోగో కూడా వేయలేదు. ఇంకొకరి కోసం రాసినది నాకు అంటించారన్నది స్పష్టం. ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల తర్వాత ఆ పేరా తీసేసి అదే నివేదికను తిరిగి పంపారు, క్షమాపణ మాట లేదు. తన పనిని తెరిచి ఇచ్చిన కళాకారుడి పట్ల ఇది అమర్యాద. అంత శ్రద్ధగా సాగిన సంభాషణ తర్వాత ఇది రావడం మరీ బాధించింది. సంభాషణను ఆమె అనుమతితో రికార్డు చేసుకోకపోయి ఉంటే నా దగ్గర మిగిలేది ఆ నాలుగు పేజీలే.

రెండో పరిశీలన చిన్నదైనా వృథా కాలేదు. గొడుగు బొమ్మ తిరిగి వేశాను, ఒకే పాపను ఆరు సందర్భాల్లో వేశాను, అన్నిటిలోనూ చేతులు కనిపించేలా చూసుకున్నాను. ఆమె వెంటనే ఇంకో సంగతి చూపించారు: చేతులు వచ్చాయి గాని, అన్నీ అరచేయి తెరిచిన ఒకే భంగిమలో ఉన్నాయి. నా ఎడమచేతినే నమూనాగా పెట్టుకుని, తాళంచెవి, దారపు ఉండ, పుస్తకం వంటివి పట్టుకున్నప్పుడు వేళ్లు ఎలా మడతపడతాయో రోజుకు ఐదు చొప్పున గీయమన్నారు. అప్పటి నుంచి ఒక స్కెచ్‌బుక్ దానికే కేటాయించాను.

కనీసం 12 నుంచి 15 పూర్తయిన బొమ్మలు, ఏ పని కావాలో ఒక స్పష్టత ఉన్నవారికి ఇలాంటి సేవ నిస్సందేహంగా ఉపయోగపడుతుంది. ఇంకా నేర్చుకునే దశలో ఉన్నవారు అదే డబ్బుతో ఒక తరగతిలో చేరడం మేలని నా అభిప్రాయం. చేరే ముందు సమీక్షకుల పేరు, వారు చేసిన పని ముందుగానే చూపిస్తారా, వారిని మనమే ఎంచుకోవచ్చా, బొమ్మపైన గీసి చూపిస్తారా, రికార్డింగుకు ఒప్పుకుంటారా అని అడగండి. సమీక్షతో పాటు పని ఇప్పిస్తామని ఆశపెట్టేవారి దగ్గరకు వెళ్లకండి. ఫైళ్లను తెరల కోసం వాడే రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో పంపండి. నేను ముద్రణకు సిద్ధం చేసిన ఫైళ్లు పంపినందువల్ల తెరపై రంగులు వెలిసిపోయినట్టు కనిపించి, సంభాషణలో ఐదు నిమిషాలు దానికే పోయాయి.

సంభాషణకు 5కి 5, రెండో పరిశీలనకు 4, నివేదికకు 1 ఇస్తాను. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే సమీక్షకురాలితో, నివేదిక లేకుండా సంభాషణ మాత్రమే తీసుకుంటాను. ఈసారి మొదటి పేజీలో గొడుగు బొమ్మ ఉంటుంది.