స్టిక్కర్ మీద 8 ఓమ్స్, లోపల వేరే లెక్క: నా స్పీకర్లు, ఒక 20 వాట్ల ఆంప్

నా ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్ల వెనక, వైర్లు బిగించే చోటికి కాస్త పైన, '8 ఓమ్స్' అని స్టిక్కర్ ఉంటుంది. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంట్‌కి చూపే అడ్డు, ఆ అంకె తగ్గేకొద్దీ ఆంప్ (ఆంప్లిఫయర్) ఎక్కువ కరెంట్ ఇవ్వాలి. ఏళ్ళ తరబడి వాడుతున్నా ఆ 8 మీద నా కోపం ఇంకా చల్లారలేదు. స్పీకర్లు మంచివే, అమ్మే ఉద్దేశం కూడా లేదు. వూఫర్ ఎన్ని అంగుళాలు, క్యాబినెట్ ఏ చెక్క లాంటివన్నీ నెట్‌లో దొరుకుతాయి కాబట్టి రాయను. కంపెనీ పేరు కూడా రాయను. ఓమ్స్ ఎక్కువ చేసి రాసే ఈ జబ్బు వాళ్ళ ఒక్కళ్ళకే లేదు.

కొన్నప్పుడు షోరూమ్ అబ్బాయి చూసిన లెక్క వాట్ల లెక్క ఒక్కటే. "స్పీకర్ 120 వాట్లు, రిసీవర్ 100 వాట్లు, పర్ఫెక్ట్ మ్యాచింగ్ సార్" అన్నాడు. రిసీవర్ అంటే రేడియో, ఆంప్ ఒకే పెట్టెలో ఉన్నది. రెండూ ఒకే బిల్లు మీద ఇంటికి వచ్చాయి. చలికాలమంతా హాయిగా విన్నాం. ఇంత బాస్ ఈ ధరలో ఇంకెక్కడా దొరకదని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను.

ఆ తర్వాత మే నెల వచ్చింది. మేముండేది రామంతాపూర్‌లో, పై అంతస్తు. మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఒక ఆదివారం కూలర్ వేసుకుని కర్ణాటక కచేరీ ఒకటి పెట్టాను. కూలర్ చప్పుడును మించి వినపడాలని వాల్యూమ్ రోజూ కన్నా కొంచెం పెంచాను. పెద్ద సౌండేమీ కాదు, వంటింట్లోంచి పిలిస్తే వినపడుతూనే ఉంది. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలైంది. మృదంగం ఎడమ వైపు, తొప్పి మీద, రెండు బరువైన దెబ్బలు పడ్డాయి. మూడోది పడీ పడకముందే రిసీవర్ లోపల 'టక్' మన్నది. పాట ఆగిపోయింది, ముందున్న లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. ఆపి, చల్లారనిచ్చి మళ్ళీ వేస్తే మళ్ళీ సరిగ్గా అక్కడే, ఆ తొప్పి దగ్గరే ఆగింది. వేరే కచేరీ వేసినా అదే వరస. గాత్రం, వయొలిన్ ఎంత సేపైనా మోగుతాయి, మృదంగం గట్టిగా పలికిందా, రిలే (ఆంప్‌ని కాపాడే లోపలి స్విచ్) కొట్టేస్తుంది.

సర్వీస్ సెంటర్ వాళ్ళు తీసుకెళ్ళి, వాళ్ళ దగ్గరున్న చిన్న డబ్బా స్పీకర్లకు తగిలించి రోజంతా మోగించి, "ఏ ప్రాబ్లమ్ లేదు సార్" అని తిప్పి పంపారు. ఇంటికి రాగానే మళ్ళీ టక్. ఇంకోసారి పంపితే ఈసారి సలహా ఇచ్చారు. మెనూలో ఇంపీడెన్స్ (ఈ ఓమ్స్ లెక్కే) సెట్టింగ్‌ను 4 ఓమ్స్‌కి మార్చుకోమన్నారు. మార్చాను. టక్ అనడం పోయింది, దాంతోపాటు పాటలో ప్రాణమూ పోయింది. ఆ సెట్టింగ్ చేసే పని లోపలి సప్లై వోల్టేజీని తగ్గించడం. రిసీవర్ వేడెక్కదు, ఎందుకంటే అసలు పవరే ఇవ్వదు. మృదంగం కాస్తా అట్టపెట్టె మీద కొట్టినట్టు వినపడింది.

చివరికి కోఠీ గుజరాతీ గల్లీలో పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి, రిసీవర్‌తో పాటు ఒక స్పీకర్ని కూడా ఆటోలో వేసుకుని వెళ్ళాను. ఆయన రిసీవర్ మూత కూడా విప్పలేదు. టేబుల్ కింది నుంచి 10 ఓమ్స్ సిమెంట్ రెసిస్టర్ ఒకటి తీసి, దాన్ని నా స్పీకర్‌కి సిరీస్‌లో, అంటే ఒకే కరెంట్ రెండింటి గుండా పోయేలా, కలిపి, తన చిన్న ఆంప్‌కి తగిలించాడు. ఫోన్‌లో, కోరిన ఫ్రీక్వెన్సీలో శబ్దం పుట్టించే టోన్ జనరేటర్ యాప్ తెరిచాడు. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగుతూ రెసిస్టర్ మీద ఎన్ని వోల్టులు, స్పీకర్ మీద ఎన్ని వోల్టులు అని మల్టీమీటర్‌తో చూస్తూ పోయాడు. 110 హెర్ట్జ్ దగ్గర ఆగి నన్ను చూడమన్నాడు. రెసిస్టర్ మీద 3 వోల్టులు, స్పీకర్ మీద 1. అంటే పదిలో మూడో వంతు, 3.3 ఓమ్స్.

"ఆంప్‌కి ఏం రోగం లేదు సార్. మీ స్పీకరే కరెంట్ గుంజుతున్నది" అన్నాడు.

"8 అని రాశారు కదా భాయ్?"

"రాసుడుకేంది సార్."

స్పీకర్‌కి ఓమ్స్ అనేది ఒకే అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. నా స్పీకరే పై ఫ్రీక్వెన్సీల్లో ఒక చోట 20 ఓమ్స్ దాటింది. స్టిక్కర్ మీద రాసేది నామమాత్రపు విలువ. కనిష్ఠం ఆ విలువలో 80 శాతానికి తగ్గకూడదని ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం చెబుతుంది. ఆ ప్రకారం 8 అని రాస్తే 6.4 కన్నా కిందికి దిగకూడదు. 3.3కి దిగేదాన్ని 4 ఓమ్స్ స్పీకర్ అనాలి. ఇదేదో పుస్తకాల్లో గొడవ అనుకుంటారేమో, ఆంప్‌కి మాత్రం చావుబతుకుల లెక్క. 20 వోల్టులు ఇచ్చే చోట 8 ఓమ్స్ అయితే 2.5 ఆంపియర్లు సరిపోతాయి, 3.3 అయితే 6 కావాలి. రిసీవర్ పెట్టె మీద 100 వాట్లు అని ఉంటుంది కానీ అది చాలాసార్లు 6 ఓమ్స్ మీద, ఒక్క ఛానెల్‌కి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) దాకా తోసి కొలిచినది. బాస్ దగ్గర ఆరు ఆంపియర్లు అడిగితే అలాంటిది చేతులెత్తేయడంలో వింతేముంది.

సెన్సిటివిటీలోనూ, అంటే స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందని చెప్పే అంకెలోనూ, ఇదే కిటుకు. 90 డెసిబెల్స్ అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 2.83 వోల్టులు అంటారు. ఆ వోల్టేజీ 8 ఓమ్స్ మీద 1 వాట్, 4 ఓమ్స్ మీద 2 వాట్లు. ఆ 90లో 3 డెసిబెల్స్ అలా వచ్చినవే.

నిమజ్జనానికి డీజే బాక్సులు పెట్టే కుర్రాళ్ళని చూడండి. రెండు 8 ఓమ్స్ బాక్సులు ప్యారలల్‌గా కలిపితే 4 అవుతుందని, నాలుగు కలిపితే 2 అవుతుందని, అంత లోడుకి ఏ ఆంప్ ఆగుతుందో, ఏది ఆగదో నోటి లెక్కలో చెప్పేస్తారు. ఏసీ షోరూమ్‌లో సోఫా వేసి కూర్చోబెట్టి అమ్మేవాళ్ళకి ఆ లెక్క ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెద్దాయన షెల్ఫ్ మీద ఉన్న నాడ్ (NAD) అనే కంపెనీ పాత ఆంప్ 3020ని దించి, "ఇది పెట్టి వినుర్రి, నచ్చకపోతే వాపస్ తెండి" అన్నాడు. ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ డిజైన్, 1978లో వచ్చిన మోడల్. 8 ఓమ్స్ మీద 20 వాట్లు. వందకే మోగని స్పీకర్లని ఇరవై ఏం మోగిస్తుంది? మర్యాదకి తీసుకెళ్ళాను. అదే ఆదివారపు కచేరీ, అదే తని. తొప్పి దెబ్బ పడింది, నిలబడింది, ఆగాల్సిన చోట ఆగింది. అంతకుముందు నేను బాస్ అని మెచ్చుకున్నది చాలావరకు సాగతీత అని అప్పుడు తెలిసింది. రెండు చేతుల దెబ్బలు విడివిడిగా, వేలు చర్మం మీద రాసుకున్న చప్పుడుతో సహా వినిపించాయి.

ఈ ఆంప్‌ని ఓమ్స్ 4కి, 2కి దిగినా క్షణకాలం పాటు 20కి రెండు మూడింతలు ఇచ్చేలా కట్టారు. సంగీతంలో దెబ్బలుండేది ఆ క్షణాల్లోనే. మామూలుగా మనం వినే సౌండ్‌కి ఒకటి రెండు వాట్లు చాలు. పైగా 20కీ 100కీ తేడా 7 డెసిబెల్స్ మాత్రమే. వెనక సాఫ్ట్ క్లిప్పింగ్ అని ఒక స్విచ్ ఉంటుంది. పవర్ అయిపోయే చోట అలల తలలని కోసేయకుండా గుండ్రంగా వంచుతుంది, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు కాలిపోకుండా కాస్త కాపుగాస్తుంది. నేనెప్పుడూ అది ఆన్‌లోనే ఉంచుతాను.

అలాగని ఆకాశానికెత్తను. మా బావమరిది చూసి, "ఈ డొక్కు డబ్బా ఏంటి బావా, రిమోట్ కూడా లేదు" అన్నాడు. నిజమే, ప్రతి పాటకీ లేవాలి. మా గల్లీ దుమ్ముకి వాల్యూమ్ నాబ్ బరబరలాడితే అప్పుడప్పుడు కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. కరెంట్ పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, అప్పుడు ఆపేయడమే మేలు. ఇంట్లో పదిమంది చేరి సినిమా పాటలు దంచాలంటే 20 వాట్లు తేలిపోతాయి. స్పీకర్ల గురించి ముందు చెప్పిన మంచిమాట కూడా కొంచెం సవరించుకోవాలి. బాస్ ఇప్పుడు బిగువుగా ఉంది, కానీ తక్కువైనట్టు అనిపిస్తుంది, కొత్తగా విన్నవాళ్ళకి పలచగా కూడా తోస్తుంది.

మా హాలు చిన్నది, కింద టైల్స్, స్పీకర్లు గోడకి మూరెడు దూరంలో ఉన్నాయి, వినేది ఎక్కువగా కచేరీలూ పాత పాటలూ. కాబట్టి నాకు ఈ జత కుదిరింది. పెద్ద హాలు ఉన్నవాళ్ళకి, హోమ్ థియేటర్ కావాలనుకునేవాళ్ళకి నాడ్ 3020 వెతుక్కోమని చెప్పను. 4 ఓమ్స్ మీద ఎంత ఇస్తుందో స్పష్టంగా రాసిన కొత్త స్టీరియో ఆంప్ ఏదైనా వారంటీతో తీసుకోవడం నయం. స్పీకర్ కొనేటప్పుడు కనిష్ఠం ఎన్ని ఓమ్సో అడగండి. కొన్ని కంపెనీలు మాన్యువల్ చివరి పేజీలో నిజాయితీగానే రాస్తున్నాయి.

ఆ 100 వాట్ల రిసీవర్ ఇప్పుడు కూకట్‌పల్లిలో బావమరిది దగ్గరుంది. 6 ఓమ్స్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో, ఇంపీడెన్స్ సెట్టింగ్ మళ్ళీ 8కి మార్చి వాడుతున్నాడు. మొన్న ఎండాకాలం కూడా ఒక్కసారి టక్ అనలేదట.